తల తెగినా ఆగని అడుగు

మీ ప్రశ్న – మా జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నడక గురించో తాళం గురించో ఉన్నాయి. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికొస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం. మొదటి ప్రశ్న భోజనాల వేళ చదివేది కాదు గానీ మిగతావాటి తాళంచెవి అందులోనే ఉంది.

● తల పూర్తిగా వేరైపోయిన కోడి కాసేపు రెక్కలు కొట్టుకుంటుంది, పరుగు తీస్తున్నట్టు కాళ్లాడిస్తుంది. మెదడే లేనప్పుడు కాళ్లకు ఆ వరస చెప్పేదెవరు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వరస వెన్నుపాములోనే ఉంది. కాళ్లకు సంబంధించిన నడుము భాగంలో నాడీకణాల గుంపులు ఉంటాయి. కాలు ముడిచే కండరాలను నడిపేది ఒక గుంపు, చాచే కండరాలను నడిపేది ఇంకో గుంపు. ఒకటి పనిచేస్తున్నంతసేపూ రెండోదాన్ని నొక్కిపెడుతుంది. కాస్సేపటికి మొదటిది అలుస్తుంది, పట్టు సడలుతుంది, రెండోది లేచి మొదటిదాన్ని నొక్కేస్తుంది. దుంగను ఇద్దరు చెరోవైపు కూర్చుని రంపంతో కోయడం చూసే ఉంటారు. ఒకరు లాగుతుంటే రెండోవారు వదలాలి, తర్వాత వంతు మారాలి. పక్కన నిలబడి ‘నువ్వు లాగు, నువ్వు వదులు’ అని చెప్పే మేస్త్రీ అక్కర్లేదు.

ఈ సంగతి బయటపెట్టినవాడు బ్రిటన్‌కు చెందిన థామస్ గ్రాహం బ్రౌన్. అడుగు నేలను తాకితే ఆ స్పర్శ తర్వాతి అడుగును పుట్టిస్తుందని, నడకంటే అలాంటి ప్రతిచర్యల గొలుసేనని అప్పట్లో అనుకునేవారు. ఆయన 1911లో పిల్లి వెన్నుపామును మెదడు నుంచి వేరుచేశాడు, కాళ్ల నుంచి స్పర్శ మోసుకొచ్చే నరాలను కూడా కోసేశాడు. పైనుంచి ఆజ్ఞ లేదు, కిందినుంచి కబురు లేదు. అయినా ముడవడం, చాచడం వంతులవారీగా సాగాయి.

మరి మెదడు చేసే పనేమిటి? మొదలుపెట్టడం, ఆపడం, వేగం మార్చడం, దారి చూసుకోవడం. 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ అనే ముగ్గురు పిల్లి మధ్యమెదడులో ఒక చోట సన్నని విద్యుత్తు ఇచ్చారు. కొద్దిగా ఇస్తే కన్వేయర్ బెల్టు మీద నడిచింది, పెంచితే దౌడు తీసింది, ఇంకా పెంచితే నాలుగు కాళ్లతో దూకుతూ పరిగెత్తింది. పైనుంచి వెళ్లిన ఆజ్ఞలో మారింది బలం ఒక్కటే. ఏ కాలు ఎప్పుడు లేవాలన్న లెక్కంతా కిందే జరిగింది.

కోడి దగ్గరికొస్తే, మెడ తెగగానే రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. పైనుంచి వచ్చే అదుపు పోతుంది, తెగిన నరాల చివర్ల నుంచి సంకేతాలు వెన్నుపాములోకి గుప్పున దిగుతాయి. రక్తంలో ఆక్సిజన్ మిగిలినంతసేపే ఆ యంత్రం ఆడుతుంది. ఈసారి గమనించండి: కాళ్లు ఒకటి ముడుచుకుంటే ఒకటి చాచుకుంటాయి, రెక్కలు మాత్రం రెండూ కలిసే కొట్టుకుంటాయి. ఈ తేడా కాలిలోనో రెక్కలోనో లేదు. సి.హెచ్. నారాయణన్, విక్టర్ హాంబర్గర్ 1971లో గుడ్డులోని పిండం దశలోనే కాళ్ల దగ్గరి వెన్నుపాము ముక్కను తీసి, అక్కడ రెక్కల దగ్గరి ముక్కను అతికించారు. ఆ పిల్లల కాళ్లు రెక్కల్లాగా రెండూ కలిసి కదిలాయి!

అమెరికాలోని కొలరాడోలో 1945లో తల నరికాక కూడా ఏడాదిన్నర బతికిన కోడిపుంజు కథ కొందరు రాశారు. ‘మైక్’ అని పేరుపెట్టిన ఆ పుంజు సంగతి నిజమే. కానీ దాని విషయంలో గొడ్డలి వేటు పైకి పడి, ఊపిరినీ గుండెనీ చూసుకునే మెదడు కింది భాగం మిగిలిపోయింది. అన్నవాహికలోకి డ్రాపర్‌తో ఆహారం పోసి బతికించారు. అది వేరే సంగతి, మీరు చూసింది వేరు.

● మృదంగం నేర్చుకుంటున్నాను. మెట్రోనోమ్ (లయకు టక్ టక్‌మని కొట్టే పరికరం) పెట్టుకుంటే బాగానే వస్తుంది. అది ఆపితే కాలం పరుగెడుతుంది, ముఖ్యంగా ముక్తాయింపు (వాయింపును ముగించే వరస) దగ్గర. విలంబంలో, అంటే నిదానపు కాలంలో, అయితే నిలవనే నిలవదు. గురువుగారు ‘లోపల లెక్క ఉండాలి’ అంటారు. ఆ లోపల అంటే ఎక్కడ?
– ఒక విద్యార్థి, తెనాలి

లోపల అంటే ప్రధానంగా మూడు చోట్ల. మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా, దానితో ముడిపడి నడినెత్తి కింద ఉండే ఒక కదలికల ప్రాంతం, తల వెనక చిన్నమెదడు. మొదటి రెండూ సమానంగా నడిచే లయను పట్టుకుని ముందుకు లాక్కెళతాయి. కచేరీలో మీరు చేయి కదపకుండా వింటున్నా ఇవి పనిచేస్తూనే ఉంటాయి. చిన్నమెదడు ఒక్కో దెబ్బ ఎంత తప్పిందో చూసి సరిదిద్దుతుంది.

విన్నాక కొట్టడం లయ కాదు. చప్పుడు విని చేయి కదపడానికి 150 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. తాళానికి సరిగ్గా పడే దెబ్బ ముందుగా ఊహించి బయల్దేరినదే అయివుండాలి. ఆ ఊహ కాస్త తొందరపడుతుంది కూడా. మెట్రోనోమ్‌కు వేలితో బల్ల మీద కొట్టమంటే దాదాపు అందరూ చప్పుడు కంటే 20 నుంచి 80 మిల్లీసెకన్లు ముందే కొడతారు, అదీ తమకు తెలియకుండానే. సంగీతం సాధన చేసినవారిలో ఈ తేడా తగ్గుతుంది. వేలికొస నుంచి మెదడుకు కబురు చేరడానికి చెవి నుంచి చేరడం కంటే ఎక్కువసేపు పడుతుంది, ఒక కారణం అది.

విలంబం ఎందుకు జారుతుందంటే, రెండు దెబ్బల మధ్య ఎడం దాదాపు 1.8 సెకన్లు దాటితే మనిషి దాన్ని ఒకే లయగా పట్టుకోలేడు, ప్రతిసారీ విడివిడిగా ఎదురుచూడాల్సి వస్తుంది. నిమిషానికి 40 అక్షరాల (తాళపు దెబ్బల) కాలప్రమాణంలో ఒక్కో అక్షరం 1.5 సెకన్లు, అంటే అంచుకు దగ్గర. అందుకే లోపల ‘తకధిమి’ అనుకోవాలి. అప్పుడు ఒక్కో మాత్ర 375 మిల్లీసెకన్లకు దిగుతుంది, శరీరానికి అది సుఖమైన ఎడం. గురువుగారు చెప్పిన లోపలి లెక్క ఇదే. పెదవి కదపకుండా, నాలుక కొసతో అనుకున్నా చాలు.

ముక్తాయింపులో పరుగుకు కారణం వేరు. సొల్లులతో (మృదంగపు దెబ్బలకు పలికే ‘తక’, ‘ధిమి’ లాంటి పలుకులతో) నిండిన వ్యవధి ఖాళీగా ఉన్న వ్యవధి కంటే పొడుగ్గా అనిపిస్తుంది. ‘చాలాసేపయింది, సమం (తాళం మళ్లీ మొదలయ్యే చోటు) వచ్చేసింది’ అని లోపలి లెక్క పొరబడి ముందే దిగిపోతుంది. దానికి ఉత్సాహం తోడైతే అడగాల్సిన పని లేదు.

ముందు రోగం ఏదో తేల్చుకోండి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 72కు పెట్టి ఆది తాళంలో నాలుగు ఆవర్తనాలు (తాళం చుట్లు) వాయించండి, దాన్ని ఆపేసి ఇంకో 16 ఆవర్తనాలు సాగించండి. ఫోనులో రికార్డు చేయండి. 72లో ఎనిమిది అక్షరాల ఆవర్తనం 6.67 సెకన్లు, 16 ఆవర్తనాలకు 106.7 సెకన్లు రావాలి. 102కే ముగిస్తే నాలుగున్నర శాతం పరిగెత్తారన్నమాట. తర్వాత రికార్డును సౌండ్ ఎడిటింగ్ యాప్‌లో తెరిచి దెబ్బల మధ్య ఎడాలు చూడండి. ఒక ఎడం పెరిగి దాని పక్కది తగ్గి మళ్లీ మామూలైతే ఆ తప్పు చేతిది. ఒక్క దెబ్బ ఆలస్యంగా పడింది, లెక్క చెడలేదు. అలాంటిది సాధనతో దానంతటదే సర్దుకుంటుంది. ఎడాలు వరసగా తగ్గుతూ పోతుంటే తప్పు లోపలి లెక్కది, అంటే మీ లోపలి గడియారానిది. చేతి తప్పునూ గడియారపు తప్పునూ విడదీసి చూసే లెక్కను వింగ్, క్రిస్టాఫర్సన్ అనే పరిశోధకులు 1973లో ఇచ్చారు. మామూలు మనిషికి అర సెకను ఎడంలో 15–25 మిల్లీసెకన్ల ఊగిసలాట ఉంటుంది, దానికి దిగులు పడొద్దు.

గడియారం తప్పయితే రోజూ మెట్రోనోమ్ ముందు కూర్చోవడం వల్ల బాగుపడదు. అది పక్కన కొడుతుంటే మీ గడియారం ఖాళీగా కూర్చుంటుంది. యాప్‌లో ఎనిమిది అక్షరాల్లో మొదటిది మాత్రమే మోగేలా పెట్టండి. వారం తర్వాత రెండు ఆవర్తనాలకోసారి, ఆపైన నాలుగింటికోసారి. అది మోగే వేళకు మీరు సమం మీద ఉన్నారో లేదో అదే చెబుతుంది. ముక్తాయింపును మాత్రం చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పి, అది నిలిచాకే వాయించండి. మెట్రోనోమ్ లేని రోజుల్లో పెద్దలు చేసింది అదే, దానికంటే మంచి పద్ధతి మాకూ తెలియదు.

● ఒక చేత్తో మూడు, ఇంకో చేత్తో నాలుగు సమానంగా వేయమంటే రెండూ కలిసిపోతున్నాయి. దీనికేమైనా ఉపాయం ఉందా?
– నాట్యం నేర్చుకునే పాఠకురాలు, విజయవాడ

ముందు ఒక చిన్న పరీక్ష. రెండు చూపుడువేళ్లు బల్ల మీద పెట్టి కారు అద్దం వైపర్లలా రెండూ ఒకేవైపుకు, అంటే రెండూ కుడికి, రెండూ ఎడమకు, ఊపండి. వేగం పెంచుతూ పోండి. ఒక దశలో మీ ప్రమేయం లేకుండానే వేళ్లు అద్దంలో బొమ్మల్లా రెండూ లోపలికి, రెండూ బయటికి కదలడం మొదలుపెడతాయి. వేగం తగ్గించినా వెంటనే వెనక్కి రావు. హాకెన్, కెల్సో, బుంజ్ 1985లో దీనికి గణితం రాశారు. రెండు చేతుల లయలు విడిగా ఉండవు, ఒకదాన్నొకటి లాక్కుంటాయి. బలమైన పొత్తు వైపు జారిపోవడం వాటి స్వభావం. మీ చేతుల్లో లోపమేం లేదు.

కాబట్టి రెండింటినీ విడదీసే ప్రయత్నం మానేసి, రెండూ కలిసిన ఒకే వరసగా నేర్చుకోండి. 1 నుంచి 12 దాకా సమానంగా లెక్కపెట్టండి. మూడు వేసే ఎడమచేయి 1, 5, 9 మీద. నాలుగు వేసే కుడిచేయి 1, 4, 7, 10 మీద. కలిపితే: రెండూ – కుడి – ఎడమ – కుడి – ఎడమ – కుడి. మొదట అంకె అంకెకూ ఒక సెకను తీసుకోండి. ఆ ఆరు దెబ్బలూ ఒకే వాక్యంలా నోటికొచ్చాక వేగం పెంచండి. తొందరగా పెంచితే 4, 5 కలిసిపోతాయి, 9, 10 కలిసిపోతాయి. చెడేది ఎప్పుడూ అక్కడే.

● మా నాన్నగారికి 71. ఆరేళ్లుగా పార్కిన్సన్. హాల్లో బాగానే నడుస్తారు, గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. విచిత్రమేమిటంటే మెట్లు మాత్రం ఎక్కేస్తారు. చేయి పట్టుకుని లాగితే పడబోతున్నారు.
– ఒక కుమార్తె, హైదరాబాద్

మీరు విచిత్రమన్నదాంట్లోనే జవాబు ఉందమ్మా. ముందు ఒక మాట: చేయి పట్టి లాగడం ఇవాళ్టి నుంచే మానేయండి. ఒంటి బరువు ముందుకొస్తుంది, పాదం అక్కడే ఉంటుంది, మనిషి ముందుకు పడతారు.

నడకను తనంతట తాను సాగించే ఆజ్ఞ బేసల్ గాంగ్లియా నుంచి రావాలి. పార్కిన్సన్‌లో డోపమైన్ అనే మెదడు రసాయనం తగ్గి ఆ ఆజ్ఞ బలహీనపడుతుంది. గడప, ఇరుకు తలుపు, మలుపు, హడావుడి – వీటి దగ్గర ఉన్న కాస్తా తెగిపోతుంది. కానీ కంటితో చూసిన గుర్తుకో, చెవితో విన్న చప్పుడుకో కాలు కదిపే దారి మెదడులో వేరే ఉంది, అది చాలావరకు బాగానే ఉంటుంది. ప్రతి మెట్టూ కంటికి ఒక గుర్తు, అందుకే మెట్లెక్కుతారు. నేల మీద అడ్డగీతలు గీస్తే ఇలాంటివారి నడక సులువవుతుందని బ్రిటిష్ న్యూరాలజిస్టు జేమ్స్ పర్డన్ మార్టిన్ 1967లోనే రాశారు.

ఇంట్లో ఇలా చేయండి. గడపకు రెండువైపులా నేలమీద రంగు టేపు అంటించండి. నేల లేత రంగయితే ముదురు టేపు, ముదురు రంగయితే తెల్లది. ఒక్కో పట్టీ నడిచే దారికి అడ్డంగా ఉండాలి, పొడవుగా కాదు. పట్టీల మధ్య 40 నుంచి 50 సెంటీమీటర్లు, అంటే ఆయన బాగా నడిచినప్పుడు వేసే అడుగంత. మూడు అటు, మూడు ఇటు. గీత మీద కాలు పెట్టమని కాదు, దాటమని చెప్పండి. టేపు అంచులు లేస్తే దానికే తట్టుకుంటారు, వారం వారం చూసుకోండి. గడప మీద ముగ్గూ పసుపూ ఉన్నా అవి పాదానికి ఎదురుగా అడ్డగీతల్లా కనబడవు, కాబట్టి వాటితో పని జరగదు.

చప్పుడు కూడా పనికొస్తుంది. మందు బాగా పనిచేస్తున్న వేళ ఒక నిమిషం నడిపించి అడుగులు లెక్కపెట్టండి. 90 వచ్చాయనుకోండి, మెట్రోనోమ్ 90కి పెట్టి ఒక్కో చప్పుడుకు ఒక అడుగు వేయించండి. చాలామంది ఇక్కడ పొరపడి వేగం పెంచేస్తారు. ఆగిపోయే అలవాటు లేనివారికి 10 శాతం పెంచితే మేలు కనిపించవచ్చు. మీ నాన్నగారిలా ఆగిపోయేవారికి వేగం పెరిగితే అడుగు చిన్నదై, గబగబా తొట్రుపడి మరింత బిగుసుకుపోతుంది. ఆయనకు 90, లేదా అంతకు తక్కువ, 81 దాకా.

ఆగిపోయిన క్షణంలో: పూర్తిగా ఆగనివ్వండి. మడమలు నేలకు ఆనాలి. బరువు కుడికాలి మీదికి, ఎడమకాలి మీదికి రెండు మూడుసార్లు మార్చమనండి. తర్వాత ‘ఒకటి, రెండు, అడుగు’. ఆ ‘అడుగు’ పెద్దదిగా ఉండాలి. వెనక్కి తిరగాల్సి వస్తే నిలుచున్నచోటే గిర్రున తిరగకూడదు, బండి మలుపు తిరిగినట్టు అర్ధచంద్రాకారంలో నడుస్తూ తిరగాలి. నడిచేటప్పుడు కబుర్లు చెప్పొద్దు, చేతికి గ్లాసు ఇవ్వొద్దు. ఇన్నాళ్లూ తనంతట తాను సాగిన నడక ఇప్పుడు ఆయన ధ్యాస మీద సాగుతోంది, దాన్ని పంచుకోవద్దు.

ఆగిపోవడం ఏ వేళల్లో ఎక్కువో, మందు వేసుకుని ఎంతసేపైందో ఒక వారం రాసిపెట్టి న్యూరాలజిస్టుకు చూపించండి. మోతాదు వేళలు మార్చడంతోనే కొందరిలో ఇబ్బంది తగ్గుతుంది. వేళలు మీరే మార్చకండి. ఈ కసరత్తులన్నీ మొదటిసారి ఫిజియోథెరపిస్టు పక్కనుండగా చేయించండి.

● మా మనవడికి మూడో నెల. మొదటి నెలలో చంకల కింద పట్టి నిలబెడితే చక్కగా అడుగులు వేసేవాడు, ఇప్పుడు వేయడం లేదు. కాళ్లు బలహీనపడ్డాయా?
– ఒక అమ్మమ్మగారు, రాజమహేంద్రవరం

లేదండీ, బరువెక్కాయి. పుట్టుకతోనే ఉండే ఆ అడుగులు దాదాపు రెండో నెలకు కనబడకుండా పోతాయి. మెదడు పెరిగి వాటిని అణిచేసిందని ఒకప్పుడు అనేవారు. ఎస్తర్ థెలెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో అడుగులు మానేసిన పిల్లలను నడుము లోతు నీళ్లలో నిలబెట్టి చూసింది. నీళ్లు బరువు మోయగానే అడుగులు తిరిగొచ్చాయి. ఆ వయసులో కాళ్లకు కండ కంటే కొవ్వు వేగంగా పెరుగుతుంది, ఎత్తే బలం చాలదు. వెల్లకిలా పడుకున్నప్పుడు వాడు తన్నే తన్నులు చూడండి, అవీ ఆ అడుగులే.

చక్రాల వాకర్ మాత్రం కొనకండి. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీద నుంచి జారిపడే ప్రమాదం ఉంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. పద్దెనిమిది నెలలు నిండినా సొంతంగా నడవకపోతే, లేదా ఇప్పుడే ఒక కాలు బాగా ఆడిస్తూ రెండోది కదపకపోతే, డాక్టరుకు చూపించండి.

● నడిచేటప్పుడు చేతులు ఊపడం అవసరమా, అలవాటా?
– ఒక ఉదయపు నడక పాఠకుడు, విశాఖపట్నం

అవసరమే. ఎడమకాలు ముందుకు పడితే ఒళ్లు ఒకవైపు మెలితిరగబోతుంది, కుడిచేయి ముందుకొచ్చి దాన్ని ఆపుతుంది. 2009లో కాలిన్స్ బృందం కొలిచి చూస్తే, చేతులు కదలకుండా తమంతట తామే ఆపుకుని నడిచినప్పుడు శక్తి ఖర్చు 12 శాతం పెరిగింది. ఏ కాలు వేస్తే ఆ చేయే ఊపుతూ నడిస్తే 26 శాతం. కాబట్టి ఫోను చేత్తో పట్టుకుని చూస్తూ నడవడంలో కళ్లతోపాటు కాళ్లకూ నష్టమే. ఒక చేయి మామూలుగా ఊగుతూ రెండోది కొన్ని నెలలుగా ఒంటికి అతుక్కున్నట్టు ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించండి. పార్కిన్సన్ తొలి గుర్తుల్లో అదొకటి.

● తింటూ మాట్లాడితే నాలుక కరుచుకుంటాం. మామూలుగా తినేటప్పుడు ఎందుకు కరుచుకోం?
– ఒక విద్యార్థిని, అనంతపురం

నమిలే లయ మెదడు కాండంలో పుడుతుంది, సెకనుకు ఒకటి నుంచి రెండు నమలడాల చొప్పున. దవడ మూసుకునే ప్రతిసారీ నాలుక పళ్ల మధ్య నుంచి తప్పుకునే ఏర్పాటు ఆ వరసలోనే ఉంది. మాటకు నాలుకను కదిపే ఆజ్ఞ పైనుంచి వస్తుంది, ఈ వరసను అడగకుండా మధ్యలో దూరుతుంది. దవడ తన వేళకు మూసుకుంటుంది, నాలుక అప్పటికి ‘ల’ పలుకుతూ ఉంటుంది. అన్నం తింటూ మాట్లాడొద్దన్న పెద్దల మాటకు మర్యాద ఒక్కటే కారణమనుకోకండి.

● మా నాయనమ్మ కాలంలో ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్లు మూడు రోకళ్లతో దంచేవారట. రోకళ్లు ఎందుకు గుద్దుకునేవి కావు?
– ఒక పాఠకుడు, డాలస్

మొదటి సాయం భూమిది. రెండడుగుల ఎత్తు నుంచి వదిలిన రోకలి కిందపడడానికి 0.35 సెకను పడుతుంది, ఎవరు వదిలినా అంతే. దంచేవారు మార్చగలిగింది ఎత్తే వేగాన్ని, పైన ఆపే క్షణాన్ని. అంటే ముగ్గురి లయలో సగం ముందే ఒక్కటై ఉంది.

మిగతా సగం చెవిది. ‘ధమ్’ అని పక్కావిడ రోకలి పడ్డ చప్పుడును బట్టి ఎవరి రోకలిని వారు దించాలి, వంతు తప్పకూడదు. చప్పుడు కాస్త ముందొస్తే తర్వాతి ఎత్తు కొంచెం తొందరవుతుంది, వెనకబడితే కొంచెం నిదానిస్తుంది. ఆ ‘కొంచెం’లోనే ఉంది నేర్పు. పడిన తేడానంతా ఒకే దెబ్బలో సరిదిద్దబోతే అవతలివారూ అదే పని చేస్తారు, ఇద్దరూ అటూ ఇటూ దాటిపోయి రోకళ్లు తగులుకుంటాయి. తేడాలో కొంత ఇప్పుడు, కొంత తర్వాతి దెబ్బకు సరిచేస్తే వరస నిలుస్తుంది. కొత్త కోడలిని మొదట ఇద్దరి పోటులోకే దింపి, చేయి కుదిరాక మూడో రోకలి ఇస్తే సరిపోయేది ఇందుకే.

దంపుళ్ల పాట చేసే పని ఇంకొకటి ఉంది. పాటలోని ఊనిక ముగ్గురికీ ఒకే గడియారం. పోటు పడేటప్పుడు ‘హుఁ’ అని ఊపిరి వదలడం కూడా అందులో భాగమే. రోకలి ఎత్తేటప్పుడు ఊపిరి లోపలికి, వేసేటప్పుడు బయటికి. ఊపిరి లయా చేతి లయా ఇలా జతపడితే అలుపు ఆలస్యంగా వస్తుందంటారు.